పట్టు వదలడం ఎదుగుదలా, చేతులెత్తేయడమా?

మెలకువ:
విషయం చిన్నదే, కానీ నాకు నిద్ర లేకుండా చేస్తోంది. మా అమ్మాయి చదువు కోసం వేరే ఊళ్లో హాస్టల్లో ఉంటోంది. వెళ్లే ముందే దాని ఫోన్ లొకేషన్ నాకు కనబడేలా పెట్టించుకున్నాను. మ్యాప్ మీద ఒక నీలం చుక్క. రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా ఆ చుక్క హాస్టల్ మీదే ఉందా అని చూసుకుని మళ్లీ పడుకుంటాను. పోయిన నెల ఒక సాయంత్రం చుక్క హాస్టల్లోనే ఉంది, ఫోన్ మాత్రం ఎత్తడం లేదు. 17 సార్లు చేశాను. చివరికి వార్డెన్‌కి కూడా చేశాను. రెండు గంటల తర్వాత అదే తీరిగ్గా ఫోన్ చేసి, "బయటికెళ్లానమ్మా, ఫోన్ రూమ్‌లో మర్చిపోయా" అంది.

నేను వెళ్లే ధ్యానం తరగతిలో గురువుగారు "కంట్రోల్ వదిలేయడమే సాధన" అంటారు. మా ఆయనేమో "అదంతా పట్టించుకోకపోవడానికి పెట్టుకున్న గొప్ప పేరు" అంటారు. ఒక్కోరోజు ఒక్కొక్కరి మాట నిజమనిపిస్తోంది. ఇంతకీ వదలడం అంటే ఏం వదలాలి?

శరణు:
మెలకువ గారూ, మీ గురువుగారు చెప్పింది కొత్త మాటేం కాదు. గీత 18వ అధ్యాయం 66వ శ్లోకంలో "మామేకం శరణం వ్రజ" అన్నాక చివరి మాట "మా శుచః", అంటే దిగులు పడకు అని. శరణు వేడేవాడు తన వంతు ప్రయత్నం చెయ్యాలా వద్దా అని శ్రీవైష్ణవుల్లో దీని మీద పాత చర్చ ఒకటుంది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి, జారితే పోతుంది. పిల్లికూన ఏమీ చెయ్యదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. వాళ్లలో వడగలై శాఖ వారు కోతిపిల్ల పక్షం, తెంగలై శాఖ వారు పిల్లికూన పక్షం.

నేను పదేళ్లు కోతిపిల్లనే. వ్యాపారం దెబ్బతిన్న ఏడాది పట్టుకోవడానికి ఇక చేతుల్లో బలం లేక పిల్లికూననయ్యాను. అప్పు అలాగే ఉంది. నిద్ర మాత్రం పట్టింది.

లెక్కలమాస్టారు:
శరణు గారు 66 చెప్పారు. మూడు శ్లోకాలు వెనక్కి రండి. 63లో "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అని ఉంది. అంతా బాగా ఆలోచించుకో, నీకెలా తోస్తే అలా చెయ్యి అని. నిర్ణయం అర్జునుడికే వదిలాడు. ఆయన కూడా అంతా విన్నాక గాండీవం ఎత్తాడే తప్ప ఇంటికెళ్లి పడుకోలేదు.

ఇంకోటి. అమెరికాలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో ఒక వృద్ధాశ్రమంలో ప్రయోగం చేశారు. ఒక అంతస్తు వాళ్లకి ఒక్కో మొక్క ఇచ్చి "నీళ్లు మీరే పోసుకోవాలి, మీ గది మీకు నచ్చినట్టు సర్దుకోండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి" అన్నారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలిచ్చారు, కానీ "నీళ్లు నర్సులు పోస్తారు, అన్నీ మేం చూసుకుంటాం" అన్నారు. మూడు వారాలకి మొదటి అంతస్తు వాళ్లు చలాకీగా తయారయ్యారు. రెండోవాళ్లలో ఎక్కువమంది డీలా పడ్డారు. వాళ్లకిచ్చింది అచ్చం పిల్లికూన బతుకే కదండీ?

శరణు:
నర్సునీ నారాయణుణ్ణీ ఒక గాటన కట్టేశారు మాస్టారూ!

ఊరికే:
"వదిలేయాలి, వదిలేయాలి" అని పట్టుబట్టి కూర్చోవడం కూడా పట్టే. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో కొందరిని కూర్చోబెట్టి తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించొద్దన్నాడు. పాపం వాళ్లకి అదే పదేపదే తలపుకొచ్చింది. మీ చుక్క సంగతీ అంతే.

రాత్రిడ్యూటీ:
ఐసీయూలో నర్సుని. రెండు రకాలవాళ్లనీ రోజూ చూస్తాను కాబట్టి చెబుతున్నా.

ఒకబ్బాయి వాళ్ల నాన్న మంచం పక్కన నాలుగు రోజులు కూర్చున్నాడు. కళ్లెప్పుడూ మానిటర్ మీదే. ఆక్సిజన్ 96, 95, మళ్లీ 96. అంకె ఒకటి తగ్గితే లేచి నిలబడతాడు. ఒక రాత్రి అది ఒక్కసారిగా 70కి పడి అలారం మోగింది. పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. చూస్తే పెద్దాయన వేలికి పెట్టిన క్లిప్ జారి దుప్పట్లో పడి ఉంది. ఆయన మెలకువగానే ఉన్నారు, మనిషి బాగానే ఉన్నారు. కొడుకు ఆయన ముఖం చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. క్లిప్ సరిచేసి, స్టూలు అటు తిప్పి, మానిటర్‌కి వీపు పెట్టి కూర్చోమన్నాను. "అంకెలు చూడ్డానికి మేమున్నాం, నువ్వు ఆయన్ని చూడు" అన్నాను. తెల్లారేదాకా ఇద్దరూ ఏవో పాత సంగతులు చెప్పుకుంటూనే ఉన్నారు.

రెండో రకం, "దేవుడి మీద భారం వేశాం" అని ఇన్సులిన్ మానేసి వచ్చేవాళ్లు. వాళ్లని బతికించడానికి మేం పడే పాట్లు ఇక్కడ రాయలేను. శరణు గారూ, మీ భక్తి మీద గౌరవం ఉంది. కానీ ఆ మాట చెప్పేటప్పుడు "మందు వేసుకుంటూనే" అని ఒక్క ముక్క కలపండి, దండం పెడతా.

శరణు:
కలుపుతాను తల్లీ. మందు మానమని నేనెన్నడూ అనలేదు. మందు వేసుకున్నాక కూడా రాత్రంతా కూర్చుని వణికే వణుకు ఉంది చూశారూ, నేను మాట్లాడేది దాని గురించే.

తిరగలి:
ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. చేతిలో అసలు ఏముందని వదలాలి?

ఏం చదవాలో మా నాన్న, ఎవర్ని చేసుకోవాలో పెద్దవాళ్లు, ఉద్యోగం మానాలని మా ఆయన నిర్ణయించారు. ఇరవై ఏళ్లకి మొదటిసారి నోరు తెరిచి "నాకిది ఇష్టం లేదు" అంటే, ఒక సత్సంగంలో పెద్దావిడ "అహం వదులుకో అమ్మా" అన్నారు. తలూపి వచ్చేశాను. ఏడాది తిరక్కుండా బీపీ మాత్రలు మొదలయ్యాయి. అదే కారణమని డాక్టర్ అనలేదు, నేనూ అనను. కానీ బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద వైట్‌హాల్ 2 అని పెద్ద అధ్యయనం జరిగింది. చేసే పనిలో తమ మాట చెల్లనివాళ్లకి గుండెజబ్బు ఎక్కువగా వస్తోందని 1997లో రాశారు. పట్టు ఎక్కువై జబ్బుపడేవాళ్లు ఉంటే ఉండొచ్చు. బొత్తిగా లేక జబ్బుపడేవాళ్లు కూడా ఉన్నారు. ఇద్దరికీ ఒకే మందు రాసిస్తే ఎలా?

లెక్కలమాస్టారు:
అమ్మా, మీ మాట కాదనను. అయితే మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అని గీత గీసి చూపించిన గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ బానిసగా బతికినవాడు. ఏమీ లేనివాడి నోటి నుంచే ఆ మాట వచ్చింది.

తిరగలి:
బానిస తనకు తాను చెప్పుకుంటే అది ధైర్యం మాస్టారూ. అదే మాట యజమాని బానిసకి చెబితే దాన్నేమంటారు?

లెక్కలమాస్టారు:
దానికి నా దగ్గర జవాబు లేదు.

శరణు:
తిరగలి గారూ, ఆ పెద్దావిడ చెప్పింది శరణాగతి కాదు, లొంగుబాటు. మనిషికి లొంగడం వేరు. గజేంద్రుడు మొసలికి లొంగాడా? వెయ్యేళ్లు పెనుగులాడాడు. ఒంట్లో సత్తువ పూర్తిగా పోయాకే ఆయన్ని పిలిచాడు.

ఊరికే:
అంటే మొదటి వెయ్యేళ్లు కోతిపిల్లే అన్నమాట 🙂

శరణు:
ఆ వెయ్యేళ్లూ ఎందుకు వృథా చేసుకున్నాడా అని నేను బాధపడుతుంటే మీకు నవ్వులాటగా ఉంది.

తిరగలి:
వృథా అనకండి. వదలడానికి ముందు తనకంటూ కాస్త బలం ఉందని తెలియాలిగా. నేనిప్పుడు ఆ వెయ్యేళ్లలో ఉన్నాను. కుట్టుపని మొదలుపెట్టాను, నా పేరు మీద ఖాతా తెరిచాను. వదలడం సంగతి తర్వాత చూస్తా.

మెలకువ:
అందరివీ రెండేసి సార్లు చదివాను. రాత్రిడ్యూటీ గారు చెప్పిన ఆ జారిపోయిన క్లిప్ దగ్గరే ఆగిపోయాను.

నిన్న అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను, ఆ రోజు నిజంగానే మర్చిపోయావా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. మర్చిపోలేదట. నేను చూస్తుంటానని తెలిసి, కావాలనే మంచం మీద పడేసి వెళ్లిందట. "చుక్క హాస్టల్లో ఉంటే నీకు నిద్ర పడుతుంది కదమ్మా, అందుకని" అంది. నెలల తరబడి నేను కాపలా కాసింది ఫోన్‌కి! ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ పూట ఎక్కడికి వెళ్లిందో అదే చెప్పుకుంటూ పోయింది. గంటసేపు మాట్లాడుకున్నాం. ఈ మధ్యకాలంలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

యాప్ తీసేశానా అంటే, లేదు. చెయ్యి రాలేదు. ఫోన్ తెరవగానే కనబడకుండా లోపలెక్కడో ఒక ఫోల్డర్‌లో పెట్టాను. రాత్రి రెండుసార్లు వెతుక్కుని మరీ చూశాను.

లెక్కలమాస్టారు:
ఇదివరకు ఎన్నిసార్లు చూసేవారు?

మెలకువ:
ఎప్పుడూ లెక్కపెట్టలేదు మాస్టారూ.