పరిమిత బడ్జెట్టులో థీమ్ పార్కు: ఒక రోజు టికెట్టుతో క్యూ తప్పించే పాసా, రెండు రోజుల మామూలు టికెట్టా?

మూడుచక్రాలబండి:
మేము అయిదుగురం: నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ అబ్బాయి, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు. ఏడాదిగా కూడబెట్టిన డబ్బుతో ఒక థీమ్ పార్కుకు వెళ్ళి రావాలని నిశ్చయించుకున్నాము. ఆ డబ్బుకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, అందరికీ ఒక రోజు టికెట్టు కొని, దాని మీద క్యూలో నిలబడకుండా పంపించే పాసు కూడా తీసుకుని సాయంత్రానికి తిరుగు ప్రయాణం కావడం. రెండోది, పాసు మాట మరిచిపోయి రెండు రోజుల మామూలు టికెట్టు తీసుకుని, మధ్యలో ఒక రాత్రి హోటల్లో ఉండడం. రెండూ కలిపి మా శక్తికి మించినవి. నాకు మొదటి దారే మేలనిపిస్తున్నది. వెళ్ళి వచ్చినవారు చెప్పగలరు.

లెక్కలపుస్తకం:
రెండోదే మేలు. చాలా పెద్ద పార్కుల్లో మొదటి రోజు టికెట్టే ఖరీదు. రెండో రోజు కలుపుకుంటే రోజుకు పడే ధర తగ్గుతుంది. పాసు సంగతి దీనికి సరిగ్గా తలకిందులు: జనం పలచగా ఉన్న రోజున అది చవకగానే దొరుకుతుంది కాని దానితో పని ఉండదు, జనం విరగబడే రోజున దానితో పని ఉంటుంది కాని దాని ధర ఆకాశంలో ఉంటుంది. ప్రవేశ టికెట్టు కూడా ఇప్పుడు అదే దారిలో నడుస్తున్నది. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ 2016లో రోజును బట్టి ధర మార్చే పద్ధతిని తెచ్చింది, ఇప్పుడు చాలాచోట్ల అదే నడుస్తున్నది. కాబట్టి మీరు ముందు తేల్చుకోవలసింది పాసు గురించి కాదు, తేదీ గురించి. బడులు నడిచే వారాల్లో, వారం మధ్యలో వెళ్ళండి. గేటు తెరవడానికి అరగంట ముందే అక్కడ ఉండండి. మొదటి గంటలో మూడు పెద్ద రైడ్లు ఎక్కేసి, మధ్యాహ్నం ప్రదర్శనలు చూసుకుని, మూసే ముందు గంటలో మళ్ళీ రెండు ఎక్కవచ్చు. పాసు డబ్బు పెట్టి కొనేదాన్ని పెందరాళే నిద్ర లేచి ఉచితంగా సంపాదించుకోవచ్చు.

చిలకపలుకు:
ముందు పిల్లవాడి ఎత్తు కొలవండి. మిగతావన్నీ తరువాత.

గడియారంముల్లు:
లెక్కలపుస్తకం గారూ, మీరు టికెట్టు లెక్క వేశారు, మనిషి లెక్క వేయలేదు. రెండో రోజు అంటే టికెట్టు తేడా ఒక్కటే కాదు, హోటలు, మరో మూడు పూటల తిండి, మొదటి రోజు నడకతో బొబ్బలెక్కిన కాళ్ళు, పొద్దున్నే లేవనని మొండికేసే పిల్లలు. పెందరాళే లేవడం ఉచితమని రాసిన మీరు నాలుగేళ్ళ పిల్లవాణ్ణి తెల్లవారకుండా లేపి చూశారో లేదో నాకు తెలియదు.

మా అనుభవం చెబుతాను. మూడేళ్ళ కిందట, ఒక పార్కులో, పాసు దండగని మామూలు వరుసలో గంటా నలభై నిమిషాలు నిలబడ్డాము. మా ముందు ఇంకా పదిమంది ఉన్నారనగా రైడు ఆగిపోయింది. సాంకేతిక లోపమని ప్రకటించి, అందరినీ వచ్చిన దారినే వెనక్కు పంపించారు. మా అబ్బాయి ఏడవలేదు, ఏడ్చినా బాగుండేది. ఇనుప కడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ గంటా నలభై నిమిషాలకు పరిహారంగా మాకు చేతిలో పడింది ఏమీ లేదు. ఆ రోజు నుంచి నేను మొదట పాసు కొని, మిగిలిన డబ్బుతోనే తక్కినవి చూస్తున్నాను.

లెక్కలపుస్తకం:
రైడు చెడిపోతే పాసు ఉన్నవారికి మాత్రం వేరే రైడు ఆకాశం నుంచి దిగుతుందా? చాలాచోట్ల పాసు ఒక్కో రైడుకు ఒక్కసారే పనికివస్తుంది. కొన్ని కొత్త రైడ్లకు అసలు వర్తించదు, వాటికి విడిగా కట్టాలి. ఒకప్పుడు దీనికి డబ్బే లేదు. డిస్నీ పార్కులు 1999లో మొదలుపెట్టిన ఫాస్ట్‌పాస్ అనే పాసు, ప్రవేశ టికెట్టు కొన్నవారందరికీ ఉచితంగానే దొరికేది. అమెరికాలోని తమ పార్కుల్లో 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. పాసు వల్ల రైడు వేగంగా తిరగదు కదా. గంటకు 1,200 మందిని తిప్పగల రైడులో సగం సీట్లు పాసులవారికి పోతే, మామూలు వరుసలో ఉన్న 600 మందికి అరగంటలో తీరవలసిన నిరీక్షణ గంట అవుతుంది. మీరు గంటా నలభై నిమిషాలు నిలబడడానికి కారణం పక్క వరుసలోంచి నడిచి వెళ్ళినవారే కావచ్చు.

చిలకపలుకు గారి మాట అందరూ దాటేశారు కాని అసలు విషయం అదే. పిల్లవాడి ఎత్తు ఎంత?

మూడుచక్రాలబండి:
గోడకు ఆనించి కొలిచాను. 101 సెంటీమీటర్లు.

లెక్కలపుస్తకం:
అయితే వాడికి పాసు కొనడం శుద్ధ దండగ. ఎత్తు నియమం ఉన్న కుటుంబ రైడ్లలో చాలావాటికి 102 సెంటీమీటర్లు, అంటే 40 అంగుళాలు ఉండాలి. పెద్ద రోలర్ కోస్టర్లకు 122, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఎత్తుతో పని లేని రంగులరాట్నం లాంటివాటికి పాసు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా పడదు.

పిట్టగోడ:
మందపాటి అడుగున్న బూట్లు వేయండి, ఒక్క సెంటీమీటరే కదా.

చిలకపలుకు:
దయచేసి అటువంటి సలహాలు ఇవ్వకండి. ఎత్తు నియమం గేటు దగ్గర పరువు కోసం పెట్టింది కాదు. ఒడిలోకి దిగే కడ్డీ ఏ కొలత శరీరాన్ని పట్టి ఉంచగలదో చూసి పెట్టింది. పైగా రైడు రైడుకూ ద్వారం దగ్గర మళ్ళీ కొలుస్తారు, అనుమానం వస్తే బూట్లు విప్పిస్తారు. ఒకచోట ఒప్పుకుని ఇంకోచోట ఒప్పుకోకపోతే వాడి ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు.

పిట్టగోడ:
మామూలు బూట్లతో కొలవడం తప్పు కాదు కదా, చాలాచోట్ల బూట్లతోనే కొలుస్తారు.

లెక్కలపుస్తకం:
మామూలు బూట్లు వేరు, మందపాటి అడుగు వేరు. 101 సరిగ్గా 101నా, 101న్నరా? ఉదయం కొలిచారా, సాయంత్రమా? సాయంత్రానికి మనిషి కొంచెం కుదించుకుపోతాడు. ఉదయమే మళ్ళీ కొలవండి.

గడియారంముల్లు:
ఒక సెంటీమీటరు చుట్టూ ఇంత చర్చ అవసరం లేదు. పిల్లవాడు ఎక్కలేని రైడ్ల దగ్గర చాలా పార్కుల్లో ఒక సదుపాయం ఉంటుంది. ఒక పెద్దవారు పిల్లవాడితో బయట ఉంటారు, రెండోవారు పెద్ద పిల్లతో ఎక్కి వస్తారు, తరువాత బయట ఉన్నవారు మళ్ళీ మొత్తం వరుసలో నిలబడకుండా ఎక్కవచ్చు. వరుసలో చేరే ముందే ద్వారం దగ్గరి సిబ్బందికి చెప్పాలి. కాబట్టి మూడుచక్రాలబండి గారూ, మీరూ మీ అమ్మాయీ పాసుతో హాయిగా ఎక్కండి, పిల్లవాణ్ణి మీ ఆవిడా అత్తగారూ చూసుకుంటారు. సమస్య ముగిసింది.

సంచులకాపరి:
ఈ వేదికలో నేను సాధారణంగా చదివి ఊరుకుంటాను. "సమస్య ముగిసింది" అన్న మాట చూసిన తరువాత ఊరుకోలేకపోయాను.

మేము పోయిన ఏడాది ఇలాగే వెళ్ళాము, పాసుతోనే. మా పెద్దవాడూ వాళ్ళ నాన్నా పద్నాలుగు రైడ్లు ఎక్కారు. నేను రెండు ఎక్కాను. మిగతా సమయమంతా ఒక బల్ల మీద, ఆరు సంచులు, రెండు గొడుగులు, నిద్రపోతున్న చిన్నది, తడిసిన బట్టల మూట, అందరి ఫోన్లు. సగం తిన్న పొట్లం ఒకటి చేతిలో పట్టుకుని, చిన్నది లేస్తుందేమోనని పారవేయడానికి కూడా లేవలేకపోయాను. మీరు చెప్పిన మార్పిడి సదుపాయం అక్కడా ఉంది. కాని నా వంతు వచ్చేసరికి వాళ్ళిద్దరూ తరువాతి రైడుకు పరుగెత్తుతూ ఉండేవారు, ఎందుకంటే పాసు ఉంది కదా, వృథా చేయకూడదు కదా. నా టికెట్టు పూర్తి ధర. నా పాసు కూడా పూర్తి ధర.

లెక్కలపుస్తకం గారు డబ్బు లెక్క రాశారు, గడియారంముల్లు గారు సమయం లెక్క రాశారు. ఇద్దరి లెక్కలోనూ బల్ల మీద కూర్చున్న మనిషి పూట ఏ పద్దు కింద వేశారో చెప్పండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడను పూర్తి టికెట్టు పెట్టి లోపలికి తీసుకువెళ్ళి సామాను దగ్గర కూర్చోబెట్టడాన్ని సెలవు అని ఆవిడ ఒప్పుకుంటుందా? ఆవిడను ఎవరైనా అడిగారా?

గడియారంముల్లు:
అమ్మా, మీ ఇంట్లో మీకు జరిగిన అన్యాయానికి పాసు ఎలా బాధ్యత వహిస్తుంది?

సంచులకాపరి:
అన్యాయమని నేను అనలేదు. లెక్కలో రాలేదన్నాను.

లెక్కలపుస్తకం:
నేను ఎవరినీ సామాను దగ్గర కూర్చోబెట్టమనలేదు. ఈ వేదికలో ఖర్చు తగ్గించమని చెప్పినవాడికల్లా మనసు లేదన్న ముద్ర వేయడం పరిపాటి అయింది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నగారు మమ్మల్ని ఒక వినోద ఉద్యానానికి తీసుకువెళ్ళి, మా అన్నకూ నాకూ మాత్రమే టికెట్లు కొని, తాను గేటు బయట చెట్టు కింద నిలబడ్డారు. మేము బయటికి వచ్చేసరికి ఆయన చెట్టు మారారు, నీడ జరిగినట్టున్నది. ఆయన త్యాగం చేశారని నేను ఏనాడూ అనుకోలేదు. డబ్బు అంతే ఉన్నది, అంతే. ఉన్నదాంట్లో పిల్లలకు ఎక్కువ దక్కేలా చూడడమే నాకు తెలిసిన పద్ధతి.

అయితే సంచులకాపరి గారి మాటలో ఒకటి ఒప్పుకుంటాను. రైడు ఎక్కని మనిషి చేత రైడ్ల ధర కట్టించడం ఈ మొత్తం టికెట్టు పద్ధతితో వచ్చింది. డిస్నీల్యాండ్‌లోనే 1982 వరకు ఇంగ్లీషు ఏ (A) నుంచి ఈ (E) దాకా అక్షరాలున్న కూపన్ల పుస్తకాలు ఉండేవి, ఎక్కిన రైడుకే కూపను చింపేవారు. కోపెన్‌హాగెన్‌లో 1843 నుంచి నడుస్తున్న టివోలీలో ఇప్పటికీ ప్రవేశానికి ఒక టికెట్టు, రైడ్లకు విడిగా టికెట్టు. పెన్సిల్వేనియాలోని క్నోబెల్స్‌లో ప్రవేశమే ఉచితం, ఎక్కినదానికి కట్టాలి. అటువంటి చోట మా నాన్నగారు లోపలికి వచ్చి కూర్చునేవారు. మూడుచక్రాలబండి గారు చూస్తున్న పార్కులో ప్రవేశ టికెట్టు విడిగా ఉందా, వయోవృద్ధుల రాయితీ ఉందా అన్నది ముందు కనుక్కోవాలి.

గడియారంముల్లు:
మీ నాన్నగారి మాట చదివి బాధ కలిగింది. అయినా ఒకటి చెప్పక తప్పదు. మీరు రెండు రోజులు ఎందుకు కావాలంటున్నారో, నేను పాసు ఎందుకు కావాలంటున్నానో ఇప్పుడు అర్థమైంది. మీకు వెళ్ళినచోట ఎక్కువసేపు ఉండాలి, నాకు పిల్లవాడు మళ్ళీ కడ్డీ పట్టుకుని నిలబడకూడదు. ఈ రెండింటిలో ఏదీ మూడుచక్రాలబండి గారి సమస్య కాదు.

పిట్టగోడ:
రెండు రోజుల టికెట్టు ఒకటి కొని మొదటి రోజు మీ ఆవిడ, రెండో రోజు అత్తగారు వాడుకోకూడదా?

చిలకపలుకు:
కుదరదు. చాలాచోట్ల మొదటి రోజు గేటు దగ్గర ఫొటోయో వేలిముద్రో తీసుకుంటారు, టికెట్టు ఆ మనిషికే.

మూడుచక్రాలబండి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా అత్తగారిని అడిగాను. నేను అడగడం ఆవిడకు వింతగా తోచినట్టున్నది. తాను ఎక్కాలనుకునేది పార్కు చుట్టూ తిరిగే రైలుబండి ఒక్కటేననీ, సాయంత్రం దీపాలు చూడాలని ఉన్నదనీ, దానికి రెండు రోజులు అక్కర్లేదనీ చెప్పారు. మొదటి రోజు చిన్నవాణ్ణి తీసుకుని హోటల్లోనే ఉంటానన్నారు. అది ఆవిడ కోరికో మర్యాదో నాకు తేలలేదు.

మా ఆవిడ ఒప్పుకోలేదు. తాను మొదటి రోజు మధ్యాహ్నం దాకా పార్కులో ఉండి, తరువాత హోటలుకు వచ్చి తల్లికి విశ్రాంతి ఇస్తానన్నది. చివరికి ఇలా అనుకుంటున్నాము: మా ముగ్గురికీ రెండు రోజుల మామూలు టికెట్టు, అత్తగారికీ చిన్నవాడికీ రెండో రోజుకు మాత్రమే. పాసు ఎవరికీ వద్దు. రెండో రోజు ఎత్తు నియమం ఉన్న రైడ్ల దగ్గర ముందుగా మా ఆవిడ ఎక్కుతుంది, తరువాతే నేను. మిగిలిన డబ్బుతో అక్కడే సామాను లాకరు ఒకటి అద్దెకు తీసుకుంటాము, సంచులకాపరి గారి ఉత్తరం చదివిన తరువాత మా ఆవిడ పెట్టిన షరతు అది. పార్కువారు వయోవృద్ధుల రాయితీ ఉందని చెప్పారు.

పిల్లవాణ్ణి పొద్దున్నే మళ్ళీ కొలిచాను. 101న్నర. ఊపిరి బిగబట్టి, మెడ సాగదీసి నిలబడ్డాడు కాబట్టి ఆ అర సెంటీమీటరు నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

లెక్కలపుస్తకం:
లాకరు అద్దె రోజు మొత్తానికా, గంటకా, తెరిచిన ప్రతిసారీ మళ్ళీ కట్టాలా అన్నది ముందే కనుక్కోండి. గేటు దగ్గరి లాకర్లు వేరు, రైడ్ల పక్కనుండేవి వేరు.

సంచులకాపరి:
దాని తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి, మీ ఆవిడ దగ్గర కాదు.