మట్టి ట్రాకుల కాలమే అసలు నాస్కారా?

మట్టిదారి:
అమెరికాలో ఉండి నాస్కార్ (అక్కడి స్టాక్ కార్ రేసులు) చూసే తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే కనిపిస్తున్నారు, అందుకే సూటిగా అడుగుతున్నాను. 1949 నుంచి 1971 దాకా నడిచిన పాత నాస్కార్ ఇప్పటిదానికంటే నిజంగా గొప్పదా? లేక మనం చూడని కాలం కాబట్టి ముద్దొస్తోందా? గొప్పదే అని నా వాదన.

1949 జూన్ 19న నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో, ముప్పావు మైలు మట్టి ట్రాక్ మీద మొట్టమొదటి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ రేసు జరిగింది. షోరూమ్‌లో అమ్మే కారును ఎలా అమ్ముతారో అలాగే నడపాలన్నది రూలు. లీ పెట్టీ తెలిసినవాళ్ల బ్యూక్ రోడ్‌మాస్టర్ అడిగి తెచ్చుకున్నాడు. కొడుకు రిచర్డ్‌కి అప్పుడు పదకొండేళ్లు. ఏ కారులో ట్రాక్ దాకా వచ్చారో ఆ కారుతోనే లీ రేసులో దిగాడు, పల్టీ కొట్టించాడు. ఇంటికెళ్లడానికి బండి లేదు. జిమ్ రోపర్ అనే ఆయన కాన్సస్ నుంచి లింకన్ కారు వేసుకుని వచ్చాడు. సారా క్రిస్టియన్ అదే రేసులో మగవాళ్లతో పోటీపడింది. ఓ కారూ, కాస్త తెగింపూ ఉంటే చాలు, లోపలికి రానిచ్చేవారు.

ఇప్పుడు నాస్కార్ పై స్థాయి పోటీ కప్ సిరీస్‌లో 36 చార్టర్లు, అంటే ప్రతి రేసులో చోటు ఖాయం చేసే హక్కులు. ఒక్కోటి కొనాలంటే కోట్ల డాలర్లు కావాలి. 2022లో నెక్స్ట్ జెన్ కారు వచ్చాక చాసిస్, గేరుబాక్సు, చక్రాలు, బాడీ ప్యానెళ్లు అన్నీ నాస్కార్ చూపించిన కంపెనీ దగ్గరే కొనాలి. గ్యారేజ్‌లో కూర్చుని బుర్ర పెట్టి ఏదైనా కనిపెట్టే మెకానిక్‌కి ఇక ఏం మిగిలింది?

నీలం43:
@మట్టిదారి అన్నా, మీరు చెప్పిన ఆ మొదటి రేసునే తీసుకుందాం. ముందు గీత దాటింది, రికార్డుల్లో గెలిచినట్టు రాసిన రోపర్ కాదు, గ్లెన్ డనవే. రేసు అయ్యాక కారు విప్పి చూస్తే వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయి. నాటుసారా తోలే కార్లకు చేసే పనే అది. డిక్కీ నిండా సరుకు ఎక్కించినా వెనక భాగం కుంగదు, పోలీసులకు అనుమానం రాదు. డనవేని పక్కన పెట్టి 2,000 డాలర్ల బహుమతి రోపర్‌కి ఇచ్చేశారు. కారు ఓనరు కోర్టుకెళ్తే కేసు కొట్టేశారు. రూలు పెట్టడం, అమలు చేయడం అన్నీ నాస్కార్ స్థాపించిన బిల్ ఫ్రాన్స్ చేతిలోనే ఉంటాయని ఆ తీర్పుతో ఖాయమైపోయింది.

ఆ తర్వాత ఏమైందో చూడండి. 1961లో కర్టిస్ టర్నర్ అనే డ్రైవర్ టీమ్‌స్టర్స్ యూనియన్ సాయంతో డ్రైవర్లకు సంఘం పెట్టబోతే జీవితకాలం నిషేధం అన్నాడు ఫ్రాన్స్. 1965లో కార్ల కంపెనీ క్రైస్లర్ దూరమై స్టాండ్లు పలచబడ్డాకే టర్నర్‌ని వెనక్కి పిలిచాడు. 1969లో అలబామాలో టాలడీగా ట్రాక్ కొత్తగా తెరిచినప్పుడు, ఆ వేగానికి టైర్లు ముక్కలవుతున్నాయి, మేం నడపలేం అని రిచర్డ్ పెట్టీ నాయకత్వంలో పెద్ద డ్రైవర్లంతా వెళ్లిపోయారు. ఫ్రాన్స్ ఆగాడా? మిగిలినవాళ్లతో, చిన్న కార్లతో రేసు నడిపించేశాడు. పాత నాస్కార్ తలుపు తెరిచే ఉండేదంటున్నారు. నిజమే, కానీ తాళంచెవి మాత్రం ఒక్కడి జేబులో ఉండేది.

పల్లెటూరి ఇంజను:
స్ప్రింగుల సంగతి నాకు మట్టిదారి గారి వాదనకే బలంలా కనిపిస్తోంది. సారా కాచేవాళ్లూ తోలేవాళ్లూ తమ అవసరం కోసం నేర్చుకున్న పనితనం అది. కాలేజీ చదువు లేదు, కంపెనీ డబ్బు లేదు. డ్రైవర్ జూనియర్ జాన్సన్ 1956లో నాన్న సారా బట్టీ దగ్గర దొరికి జైలుకెళ్లొచ్చాడు. అదే మనిషి 1960లో నాస్కార్ పెద్ద రేసు డేటోనా 500లో, ముందు కారు వెనక అతుక్కుని పోతే గాలి అడ్డు తగ్గి వేగం పెరుగుతుందని గమనించి, తక్కువ పవరున్న షెవర్లేతో గెలిచాడు. షార్లెట్‌లోని నాస్కార్ మ్యూజియం హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన కట్టిన బట్టీ పెట్టారు, వెళ్లినవాళ్లు చూసే ఉంటారు.

డాన్‌విల్ రోడ్డు:
“ఓ కారూ, కాస్త తెగింపూ ఉంటే చాలు” అన్నారు @మట్టిదారి. ఆ మాట నాకు మింగుడుపడలేదు. నల్లజాతి డ్రైవర్ వెండెల్ స్కాట్‌కి రెండూ ఉన్నాయి.

వర్జీనియాలోని డాన్‌విల్ ఆయన ఊరు. ఆయన కూడా సారా తోలి చెయ్యి తిరిగినవాడే. పాత కార్లు కొని తానే విప్పి, తానే బిగించి, కొడుకులనే పిట్ సిబ్బందిగా పెట్టుకుని రేసులకు వెళ్లేవాడు. 1963 డిసెంబర్ 1న జాక్సన్‌విల్ మట్టి ట్రాక్ మీద అందరికంటే ముందు నిలిచాడు. కానీ గెలుపు జెండా ఆయనకు ఊపలేదు. బక్ బేకర్ గెలిచాడని ప్రకటించి, ట్రోఫీ అతని చేతిలో పెట్టి, జనాన్ని ఇంటికి పంపేశారు. కొన్ని గంటల తర్వాత, స్టాండ్లు ఖాళీ అయ్యాక, లెక్క తప్పింది, గెలిచింది నువ్వే అని స్కాట్‌కి చెప్పారు. ట్రోఫీ మాత్రం ఆయన చేతికి రానేలేదు. 1990లో చనిపోయాడు. నాస్కార్ ఆ కుటుంబానికి ట్రోఫీ ఇచ్చింది 2021లో.

ఆ రోజు గెలిచినవాళ్లకు ట్రోఫీ ఇచ్చే విక్టరీ లేన్‌లో నల్లజాతి మనిషి నిలబడటం, అందాల రాణి వచ్చి ముద్దు పెట్టడం జనం చూడకూడదు, అందుకే అలా చేశారని ఆ కుటుంబం చెబుతూ వచ్చింది. నేను నమ్ముతాను. ఆ కాలపు ఫోటోలు నాకూ ఇష్టమే, కానీ ఆ స్టాండ్లలో మనలాంటి ముఖాలు ఒక్కటైనా ఉన్నాయేమో వెతికి చూడండి. ఈ రోజు మనం ధైర్యంగా టికెట్ కొనుక్కుని పిల్లలతో వెళ్లి కూర్చుంటున్నామంటే, ఆ కాలం పోబట్టే.

మెకానిక్ మామ:
ప్రాణాల సంగతి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదేం? 1964 ఒక్క ఏడాదే చూడండి. జనవరిలో రివర్‌సైడ్‌లో జో వెదర్లీ పోయాడు, వరసగా రెండుసార్లు చాంపియన్. కిటికీకి వల లేదు, భుజం బెల్టు పెట్టుకోలేదు, తల వెళ్లి గోడకు తగిలింది. మే 24న షార్లెట్‌లో ఫైర్‌బాల్ రాబర్ట్స్ కారు బోల్తాపడి పెట్రోలు అంటుకుంది. కాలిన ఒంటితో జూలై 2 దాకా ఆస్పత్రిలో నరకం చూసి పోయాడు. సెప్టెంబర్‌లో టైర్లు పరీక్షిస్తూ జిమ్మీ పార్డ్యూ. ఇన్ని చావులు చూశాకే చిరిగిపోని ఇంధన ట్యాంకులు వచ్చాయి.

2001లో పేరున్న డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ రేసులో గోడకు గుద్దుకుని పోయాక మెడను కాపాడే హాన్స్ లాంటి పరికరం తప్పనిసరి చేశారు, తర్వాత దెబ్బను పీల్చుకునే గోడలు కట్టారు. అప్పటి నుంచి కప్ రేసులో ఒక్క డ్రైవరూ చనిపోలేదు. 2020 డేటోనాలో రయన్ న్యూమన్ కారు తలకిందులై, దాని డ్రైవర్ వైపే ఇంకో కారు గుద్దింది. బతకడనే అనుకున్నాం. రెండు రోజులకు ఇద్దరు కూతుళ్ల చేతులు పట్టుకుని ఆస్పత్రి నుంచి నడిచి బయటికొచ్చాడు. ఆ ఫోటో చూశాక పాత రోజులు కావాలని నా నోటితో అనలేను.

మట్టిదారి:
@డాన్‌విల్ రోడ్డు, @మెకానిక్ మామ, మీరు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. వివక్ష, చావులు తిరిగి రావాలని నా ఉద్దేశం కాదు. కానీ అవి పోవాలంటే మట్టి ట్రాకులూ చిన్న ఊళ్లూ కూడా పోవాలా? భద్రత వచ్చింది ఇంజనీరింగ్ వల్ల. ఊళ్లు పోయింది వ్యాపారం వల్ల.

1970 సెప్టెంబర్ 30న నార్త్ కరోలినాలోని రాలీ ఊళ్లో కప్ సిరీస్ చివరి మట్టి రేసు జరిగింది. ఆ తర్వాత 2021 బ్రిస్టల్ దాకా మట్టి ముఖం చూడలేదు. 1971లో సిగరెట్ కంపెనీ డబ్బు వచ్చింది. మరుసటి ఏడాదికి 48 రేసులు కాస్తా 31 అయ్యాయి. తీసేసినవన్నీ చిన్న రేసులే.

రాలీ పక్కన మోరిస్‌విల్, కేరీలో ఉన్న మనవాళ్లు ఓ శనివారం హిల్స్‌బరో వెళ్లండి. ఈనో నది ఒడ్డున ఒకనీచీ స్పీడ్‌వే ఉంది. 1949 మొదటి సీజన్‌లోనే రేసు జరిగిన ట్రాక్ అది. ఆదివారం రేసులు వద్దని అక్కడి చర్చి పాస్టర్లు పట్టుబట్టడంతో 1968లో మూతపడింది. ఇప్పుడది నడక దారి. ట్రాక్ వెడల్పు అలాగే ఉంది, మలుపులో గట్టు వాలు కాలికి తెలుస్తుంది. కాంక్రీటు మెట్ల మీద జనం కూర్చునేచోట పైన్ చెట్లు లేచాయి. ముందు వరసలో కూర్చుంటే కారు ఎంత దగ్గర నుంచి పోయేదో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. ఆ దగ్గరితనం గురించే నా బాధంతా.

స్టాప్‌వాచ్:
దగ్గరితనం సరే, పోటీ మాటేమిటి? 1965 డార్లింగ్టన్ సదరన్ 500లో నెడ్ జారెట్ 14 ల్యాపుల (ట్రాక్ చుట్ల) తేడాతో గెలిచాడు. అంటే రెండోవాడు 19 మైళ్లు వెనక! రిచర్డ్ పెట్టీ 1967లో 27 రేసులు గెలిచాడు. గొప్పే, కాదనను, కానీ చాలాచోట్ల ఎదురు నిలిచే కారే లేదు. 2024 కాన్సస్‌లో కైల్ లార్సన్ గెలిచింది 0.001 సెకను తేడాతో. చివరి మలుపు నుంచి నేను కుర్చీలో కూర్చుంటే ఒట్టు.

పల్లెటూరి ఇంజను:
@స్టాప్‌వాచ్ అందరి కార్లూ ఒకే అచ్చులో పోస్తే తేడా ఎలాగూ తగ్గుతుంది కదండీ. కాన్సస్ రేసు బాగుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ 0.001లో డ్రైవర్ వాటా ఎంత, ఒకే రకం కారు వాటా ఎంత?

నీలం43:
@మట్టిదారి అన్నా, చిన్న ఊళ్ల విషయంలో మీతోనే ఉన్నాను. నార్త్ కరోలినాలో చిన్న ఊరి ట్రాక్ నార్త్ విల్క్స్‌బరోకి 1996 తర్వాత తాళం వేసి, దాని తేదీలు టెక్సాస్‌కీ న్యూ హాంప్‌షైర్‌కీ పట్టుకుపోయారు. 2023లో చాంపియన్‌షిప్ లెక్కలోకి రాని ఆల్‌స్టార్ రేసుతో మళ్లీ తెరిచారు, 2026 షెడ్యూల్లో లెక్కలోకి వచ్చే పాయింట్ల రేసు కూడా పెట్టారు. అది బిల్ ఫ్రాన్స్ కాలాన్ని వెనక్కి తేవడం కాదు. మంచి గోడలు, మంచి కార్లు ఉంచుకుని ఊరికి రేసు తిరిగి ఇవ్వడం. అలాంటిదే ఇంకో పాత ట్రాక్ రాకింగ్‌హామ్‌కి 2025లో కింది స్థాయి సిరీస్‌లు వచ్చాయి, కప్ ఇంకా రాలేదు. అడగాల్సింది దానికోసం.

డాన్‌విల్ రోడ్డు:
అడగండి, నేనూ సంతకం పెడతాను. రాకింగ్‌హామ్‌కి కప్ రేసు వస్తే దాని ట్రోఫీకి వెండెల్ స్కాట్ పేరు పెట్టాలని కూడా అందులో రాయండి.