60 దాటితే క్రేన్ ఎక్కకూడదా?

రిగ్గర్:
మా దగ్గర కొత్త రూలు రాబోతోంది. 60 నిండితే క్రేన్ క్యాబిన్ ఎక్కనివ్వరట, మనిషి ఎంత ఫిట్‌గా ఉన్నా సరే. నేను కింద బరువులకు స్లింగులు, అంటే క్రేన్ కొక్కేనికి తగిలించే తాళ్లు, కట్టేవాణ్ని. పైన కూర్చున్నాయన చూపు మీదే నా ప్రాణం. అయినా ఈ రూలు నాకు నచ్చలేదు. మీరేమంటారు?

సేఫ్టీ ఆఫీసర్:
నేను రూలు వైపే. అంతర్జాతీయ విమానాల్లో ఇది ఎప్పట్నుంచో ఉంది. ఇద్దరు పైలట్లుంటే 65 దాకా, ఒక్కరే నడిపితే 60 దాకా. అమెరికాలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు 56కే దిగిపోవాలి. గుండెపోటు ఏ రోజు వస్తుందో ఏ పరీక్షా చెప్పలేదు, వయసుతో ఆ ముప్పు పెరుగుతుందన్నది మాత్రం అందరికీ తెలుసు. మనిషిని బట్టి సడలింపు అంటే రేపట్నుంచి సిఫారసులే.

రిగ్గర్:
గుండెపోటు మాట ఒప్పుకుంటున్నానన్నా. కానీ మీరు చెప్పిన లెక్కే చూడండి. ఇద్దరుంటే 65, ఒక్కరైతే 60. అంటే వాళ్లు చూసేది వయసొక్కటే కాదు, ఈయన కూలబడితే అందుకునే రెండో మనిషి ఉన్నాడా అని కూడా. మా క్యాబిన్‌లో ఉండేది ఒక్కరే. ఆయన చెయ్యి జారితే లివరు దానంతటదే మధ్యకొచ్చి బ్రేకు పడాలి. మా పాత క్రేన్‌లో లివరును అలా మధ్యకు తెచ్చే స్ప్రింగు వదులైపోయి నెలలైంది. 40 ఏళ్లవాడు పడిపోయినా ఆ క్రేన్ ఆగదు.

ఇంకో సంగతి. మా సీనియర్ ఆపరేటరుకు శుక్లం వచ్చింది. మామూలుగా బాగానే కనిపించేది. సాయంత్రం షెడ్డు తలుపు తీస్తే మాత్రం ఎదురెండ క్యాబిన్ అద్దం మీద పడి, కింద నా చెయ్యి ఆయనకు మసకైపోయేది. ఒకరోజు నేను ఆపమని చెయ్యి చూపిస్తే, మెల్లగా దించమన్నాననుకున్నారు. దూలం నా మొహానికి మూరెడు దూరంలో ఊగుతూ ఆగింది. ఆయన దిగొచ్చి నా భుజం పట్టుకుని మాట రాక నిలబడిపోయారు.

అంతకు మూణ్నెల్ల ముందే ఆయన మెడికల్ పాసయ్యారు. ముందు వెళ్లొచ్చినవాళ్లని అడిగి చార్టులో కింది రెండు వరుసలూ బట్టీ పట్టారట! ఎందుకు బాబాయ్ అంటే, "అన్‌ఫిట్ అని రాస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తార్రా" అన్నారు. తరవాత ఆపరేషన్ చేయించుకుని, మళ్లీ ఎక్కి, రెండేళ్లు నిక్షేపంగా చేశారు. దూలం ఊగిన రోజు ఆయన వయసు 57. ఈ రూలు అప్పుడున్నా ఆయన క్యాబిన్‌లోనే ఉండేవారు.

2015లో జర్మన్‌వింగ్స్ విమానాన్ని ఆల్ప్స్ కొండల్లో కూల్చేసిన కో-పైలట్ వయసు 27. పనికి వెళ్లొద్దని డాక్టరు రాసిచ్చిన కాగితం చింపేసి, ఇంట్లో పడేసి డ్యూటీకి వెళ్లాడు. 150 మంది పోయారు. 2014లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చెత్త లారీ డ్రైవరు స్పృహ తప్పి ఆరుగురి ప్రాణాలు పోయాయి. ఆయనకు అరవై దగ్గరపడ్డాయి. నాలుగేళ్ల ముందు బస్సు డ్రైవరుగా ఉన్నప్పుడు సీట్లోనే స్పృహ తప్పిన సంగతి దాచాడు. వయసులకు పొంతన లేదు, ఇద్దరూ చేసింది మాత్రం దాచడమే.

కంట్రోల్ రూమ్:
నైట్ షిఫ్టు మాట ఎవరూ ఎత్తలేదేం? నాకు 54. బోర్డు మీద ఏ అలారం ఎందుకు మోగుతోందో కుర్రాళ్లకంటే ముందే పట్టుకుంటాను. కానీ పగటి నిద్ర పట్టదు. వరసగా నాలుగో రాత్రి, తెల్లవారుజామున, చదివిన రీడింగే మళ్లీ చదువుతుంటాను. ఇది ఏ మెడికల్‌లోనూ బయటపడదు, ఎందుకంటే పరీక్ష పొద్దున పదింటికి పెడతారు. నన్ను ఇంటికి పంపక్కర్లేదు, రెండు రాత్రులకు మించి వెయ్యకుంటే చాలు.

సేఫ్టీ ఆఫీసర్:
దాపరికం గురించి మీరన్నది నిజం. నా చేతుల మీదుగా వెళ్లిన ఫైళ్లలో అలాంటివి ఎన్ని ఉన్నాయోనని భయంగా ఉంది. కానీ నిజం చెప్పినవాడి జీతం పోదని ఎవరు రాసిస్తారు? అది రాతపూర్వకంగా వచ్చేదాకా నేను 60 అనే అంటాను.

రిగ్గర్:
మేం అడిగేదీ అదే. అన్‌ఫిట్ వస్తే అదే జీతంతో కింద పని, నయమయ్యాక మళ్లీ పరీక్ష. చార్టుతో పాటు సాయంత్రం ఎదురెండలో క్యాబిన్‌లో కూర్చోబెట్టి, కింద నేను చెయ్యి చూపిస్తుంటే పరీక్షించాలి. సోమవారం మేనేజ్‌మెంటుతో మీటింగు. స్ప్రింగు సంగతి మా అర్జీ మొదటి పేరాలోనే రాశాం.