‘మునకల్లంతై’లో ఆ ‘అల్ల’ ఏమిటి?

నల్లగొండ నుంచి: మొన్న రాత్రి మా అబ్బాయితో కూర్చుని గ్రేడియస్ ఆడాను. 1985లో కోనామి తెచ్చిన ఆట. చిన్నప్పుడు క్లాక్ టవర్ దగ్గర కాసెట్ అద్దెకు తెచ్చుకుని టీవీకి తగిలించి ఆడేవాళ్లం. ఒక చిన్న అంతరిక్ష విమానం కుడివైపుకు పోతుంటుంది. శత్రువులను కొడితే గుళికలు రాలుతాయి. ఒకటి ఏరుకుంటే వేగం, రెండు దాస్తే మిస్సైల్, ఐదు కూడబెడితే వెంట తిరుగుతూ తానూ కాల్చే నారింజ రంగు ఉండ. మావాడు రెండో ఉండ సంపాదించగానే నా నోట ‘ఇంతింతై వటుడింతయై’ వచ్చేసింది, పోతన భాగవతంలో వామనుడు ఆకాశమంత పెరిగే పద్యం. రెండో పాదంలో ఆగిపోయాను. ‘తోయదమండలాగ్రమున’, అంటే మబ్బుల పైభాగాన, ఆ తర్వాత ‘కంతై’నా, ‘కల్లంతై’నా? కల్లంతై అయితే ఆ మాటకు అర్థం? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

వనపర్తి నుంచి: కల్లంతై. అనుమానం లేదు. ఛందస్సు శార్దూలం కదా, ‘కంతై’ అంటే ఒక గురువక్షరం తగ్గి పాదం కుంటుతుంది.

పాలమూరు నుంచి: మా తాత ఈ పద్యాన్ని వడ్ల కల్లంలో కూర్చుని చదివేవాడు. మబ్బుల మీద కల్లమంత పరుచుకున్నాడని చెప్పేవాడు. కల్లంలో వడ్లు పరిచిన రోజు చూసినవాళ్లకు ఆ పోలిక ఎంత బాగుంటుందో తెలుస్తుంది. పోతన వ్యవసాయం చేసుకున్నవాడు, ఆయనకు తోచకుండా ఉంటుందా?

వనపర్తి నుంచి: పోలిక అందంగా ఉందన్నా, పద్యం మాత్రం ఒప్పుకోదు. కల్లమంతై అంటే అక్షరం పెరుగుతుంది. యతి కూడా చూడండి, అంటే పాదం మొదటి అక్షరానికి పదమూడో అక్షరం కుదరడం. పాదం మొదట ‘నంతై’, అంటే ‘పైన్ + అంతై’. పదమూడో అక్షరం ‘ల్లం’. అక్కడ అచ్చుకు అచ్చు కుదరాలంటే ‘అల్ల + అంతై’ అని విడదీయాల్సిందే. కాబట్టి ‘అగ్రమునకు + అల్లంతై’. ‘క’ ఆరో విభక్తిది, కల్లానిది కాదు.

పాలమూరు నుంచి: యతి సంగతి ఒప్పుకుంటాను. తాత మాటను మాత్రం వదులుకోలేను.

దేవరకొండ నుంచి: ‘అల్ల’ మనకు కొత్తదా? మా అవ్వ పొలం గట్టు మీద నిలబడి ‘అగో, అల్లంత దూరంల మీ నాయిన’ అనేది. చెయ్యి చాపి చూపించే మాట అది. ‘ఇంత’ దగ్గరిది, ‘అంత’ దూరానిది, ‘అల్లంత’ ఇంకా దూరానిది. పోతన వటువును మొదటి పాదంలో ‘ఇంత’ అని మన ముందే నిలబెట్టి, రెండో పాదానికి ‘అల్లంత’ అని చెయ్యి చాపాడు. చూసేవాడి మెడ పైకి లేచింది ఆ ఒక్క ‘ల్ల’ దగ్గరే.

గద్వాల నుంచి: దానికంటే చిక్కు అదే పాదం చివర ‘ప్రభారాశిపై’ అన్నచోటి ‘ప్రభారాశి’ది. వెలుగు రాశి అంటే సూర్యుడేనా? అయితే సూర్యుడు ముందు, చంద్రుడు తర్వాత ఎందుకు వచ్చారు?

వనపర్తి నుంచి: సూర్యుడే. భాగవతం లెక్కలో సూర్యుడికి లక్ష యోజనాల పైన చంద్రుడు. పంచమ స్కంధం చూడండి.

గద్వాల నుంచి: తెలుగులో పంచమ స్కంధం పోతనది కాదు కదా సార్, గంగనది.

వనపర్తి నుంచి: లెక్క వ్యాసుడిది మేడం. ఎవరు తెలిగించినా మారదు. వటువు పెరిగాడన్న సంగతి కూడా వ్యాసుడిదే. మబ్బు, సూర్యుడు, చంద్రుడు, ధ్రువుడు అని మెట్టుమెట్టుగా ఎక్కించింది మాత్రం మన పోతనే.

దేవరకొండ నుంచి: గంగన పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. సింగభూపాలుడికి అంకితం ఇవ్వనన్నందుకు భాగవతాన్ని భూమిలో పాతిపెట్టించారని, అందులో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారని కథ. ఆ సింగభూపాలుడి రాచకొండ మా పాత నల్లగొండ జిల్లాలోదే. ఆ కోట గుట్ట ఎక్కిన ప్రతిసారీ అష్టమ స్కంధం దక్కిందని దండం పెట్టుకుంటాను. అది పోయి ఉంటే గజేంద్రుడూ లేడు, వామనుడూ లేడు.

నల్లగొండ నుంచి: అందరికీ దండాలు. పాఠం తేలింది, నా చిక్కు తీరలేదు. ఆటలో ఆ విమానం బలం పెరుగుతుంది, ఎంతో దూరం పోతుంది, ఒళ్లు మాత్రం మొదట ఎంతో చివరిదాకా అంతే. అసలు అది తెర దాటదు, చుక్కలే కుడి నుంచి ఎడమకు జారిపోతుంటాయి. ఒక్క దెబ్బ తగిలితే కూడబెట్టినవన్నీ పోయి మళ్లీ ఒట్టి విమానం. అందుకే అడుగుతున్నా, ‘అల్లంతై’ అంటే అంత పెద్దవాడై అనా, అంత దూరం చేరి అనా?

దేవరకొండ నుంచి: చుక్కలు జారడం అన్నారు చూడండి, ఆ వెంటనే వచ్చే ‘రవిబింబం బుపమింప’ పద్యంలో జరిగేది అదే. సూర్యుడు మొదట గొడుగు, తర్వాత శిరోరత్నం, చెవికమ్మ, కంఠాభరణం, చివరికి పాదపీఠం. వటువు నిలబడ్డచోటే ఉన్నాడు. సూర్యుడే తల మీది నుంచి కాళ్ల దాకా జారాడు. మీ ఆటలో అడ్డంగా జరిగేది పోతన నిలువుగా చేశాడు. నా లెక్కన పెద్దవాడై అనే.

గద్వాల నుంచి: అది ఆ పద్యానికి. ఈ పద్యంలో ‘అల్ల’ను మీరే దూరం అన్నారు, మీ అవ్వ మాటతో సహా.

పాలమూరు నుంచి: ‘రవిబింబం’లో ‘ఛవిమత్కంకణమై’నా, ‘సువిమత్’ అనా? మా ఇంట్లో రెండు రకాలుగానూ చదివేవారు.

వనపర్తి నుంచి: ఛవిమత్. ఛవి అంటే కాంతి. ప్రాస ‘వి’కి అడ్డేమీ లేదు గానీ సువిమత్ అనే మాటకు అర్థం రాదు. దీని మీద వేరే ప్రశ్న పెట్టండన్నా, రాయాల్సింది చాలా ఉంది.