స్టార్ ఎవరి పక్కన ఉండాలి: ఇంట్ పక్కనా, పేరు పక్కనా?

సీతమ్మధార అధ్యాపకురాలు:
నేను ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం వారికి సీ అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్ చెబుతాను. ఇందులో "ఇంట్" అంటే పూర్ణసంఖ్య రకం; డిక్లేర్ చేసేటప్పుడు పేరుకు ముందు స్టార్ (*) పెడితే అది పాయింటర్, అంటే ఒక విలువ ఉన్నచోటి అడ్రస్‌ను దాచుకునేది. తరువాత ఆ పేరుకు స్టార్ పెట్టి వాడితే ఆ అడ్రస్‌లోని విలువ దొరుకుతుంది. గత వారం రెండు సంఖ్యలను తారుమారు చేసే ప్రోగ్రామ్‌లో ఒక విద్యార్థి "ఇంట్* పి, క్యూ;" అని మొదలుపెట్టి, కింద "*పి = *క్యూ;" అని రాశాడు. కంపైలర్ (ప్రోగ్రామ్‌ను మెషీన్ భాషలోకి మార్చేది) ఎర్రర్ చూపింది *క్యూ ఉన్న వరుసలో కాబట్టి, ఆ అబ్బాయి ఆ వరుసనే చెరిపి మళ్లీ మళ్లీ రాస్తూ కూర్చున్నాడు; అసలు లోపమేమో పైన, స్టార్ పి ఒక్కదానికే వర్తించి, క్యూ పాయింటర్ కాకుండా మామూలు ఇంట్‌గా మిగిలిపోయిన, పేర్లనూ వాటి రకాలనూ ప్రకటించే డిక్లరేషన్‌లో ఉంది. స్టార్‌ను పేరుకు ఆనించి రాయడాన్ని ల్యాబ్‌లో తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. మా విభాగంలో కొందరు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

రుషికొండ ప్రోగ్రామర్:
మేడమ్, నేను కూడా ఒప్పుకోను. ఖాళీ ఎటువైపు ఉన్నా కంపైలర్‌కు ఒకటే కాబట్టి, ఇది చదివే మనిషి సౌకర్యానికి సంబంధించిన విషయం. పి ఏ రకమని అడిగితే "ఇంట్ పాయింటర్" అంటాం. ఆ రకమంతా ఒక్కచోట కనబడడమే సబబు. సీ ప్లస్ ప్లస్‌ను రూపొందించిన స్ట్రౌస్ట్రప్ కూడా స్టార్‌ను రకం పక్కనే రాస్తారు. వరుసకు ఒక్క పేరే డిక్లేర్ చేయాలని నియమం పెట్టండి, మీ విద్యార్థికి వచ్చిన చిక్కు రానే రాదు.

గాజువాక పాతకాపు:
వరుసకు ఒక్క పేరు అన్నది మంచి అలవాటే గాని, అది చిక్కును తప్పిస్తుందే తప్ప విప్పదు. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీని తీర్చిదిద్దినప్పుడు, ఒక పేరును తరువాత ఎలా వాడతామో డిక్లరేషన్‌లోనూ అలాగే రాయాలన్న పద్ధతి పెట్టారు. "ఇంట్ *పి" అంటే "*పి అని రాసినచోట ఇంట్ దొరుకుతుంది" అని చదువుకోవాలి.

రకమంతా ఒక్కచోట ఉండాలంటున్నారు కదా, "ఇంట్ *ఎ[10]" సంగతి చూడండి. స్టార్‌ను ఇంట్‌కు అంటించారు సరే, పది విలువల వరుసను, అంటే అర్రేను, సూచించే ఆ [10]ని ఎక్కడికి జరుపుతారు? అది పేరుకు కుడివైపునే ఉండిపోతుంది. వాడుక ప్రకారం చదివితే ఇబ్బంది లేదు: చదరపు బ్రాకెట్‌కు స్టార్ కంటే ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి ముందు, ఉదాహరణకు, ఎ[3] తీసుకుంటాం, దానికి స్టార్ పెడితే ఇంట్ వస్తుంది, అంటే ఎ అనేది పది పాయింటర్ల అర్రే. అదే "ఇంట్ (*ఎ)[10]" అయితే ముందు స్టార్, ఆ తరువాతే [10]. అంటే పది ఇంట్‌ల అర్రేను చూపే ఒక్క పాయింటర్. మామూలు 64 బిట్ మెషీన్‌లో సైజాఫ్ (ఎంత మెమరీ పడుతుందో చెప్పేది) అడిగి చూడండి: మొదటిదానికి 80 బైట్లు, రెండవదానికి 8. రెండవదానికి ఒకటి కలిపితే అడ్రస్ 40 బైట్లు ముందుకు జరుగుతుంది. ఒక జత బ్రాకెట్లు చేసే పని ఇది, ఖాళీల సర్దుబాటుతో అర్థమయ్యేది కాదు.

రుషికొండ ప్రోగ్రామర్:
అర్రే విషయంలో మీ మాట కాదనలేను. అయితే "ఇంట్ *పి = &ఎక్స్;" (&ఎక్స్ అంటే ఎక్స్ అడ్రస్) అన్న వరుసను మీ పద్ధతిలో చదివితే, అడ్రస్‌ను *పిలో పెడుతున్నట్టు ఉంటుంది; నిజానికి అది పిలోకి వెళ్తుంది. "ఇంట్ *కాన్స్ట్ పి" సంగతి మరీను (కాన్స్ట్ అంటే మార్చకూడదని చెప్పే మాట): "*కాన్స్ట్ పి" అని ప్రోగ్రామ్‌లో ఎక్కడ వాడతాం మాస్టారూ?

గాజువాక పాతకాపు:
రెండూ న్యాయమైన అభ్యంతరాలే. కాన్స్ట్ ఈ భాషలోకి ఆలస్యంగా, 1989 ప్రమాణంతో వచ్చింది. అది ఈ అచ్చులో పూర్తిగా ఇమడలేదు. స్టార్ పేరుకు ముందు రావడం వల్ల క్లిష్టమైన చోట్ల బ్రాకెట్లు తప్పలేదని రిచీ కూడా 1993లో రాసిన సీ చరిత్రలో ఒప్పుకున్నారు.

ద్వారకానగర్ విద్యార్థి:
సర్, టైప్‌డెఫ్‌తో (రకానికి మారుపేరు పెట్టే మాట) ఇంట్ పాయింటర్ రకానికి "ఐపీ" అని పేరు పెట్టేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా?

గాజువాక పాతకాపు:
"ఐపీ పి, క్యూ;" అంటే రెండూ పాయింటర్లే అవుతాయి, నిజమే బాబూ. కానీ "కాన్స్ట్ ఐపీ పి" అని రాసి చూడు. ఇంట్ మారకుండా ఉంటుందనుకుంటావు. అక్కడ మారకుండా ఉండేది పి, ఇంట్ యథేచ్ఛగా మారుతుంది.

సీతమ్మధార అధ్యాపకురాలు:
రుషికొండ వారు చెప్పిన అడ్రస్ సంగతి చదవగానే ఒక వైవా గుర్తుకొచ్చింది. "ఇంట్ *పి = &ఎక్స్;"ను రెండు వరుసలుగా విడగొట్టమంటే, ఒక అమ్మాయి రెండవ వరుసలో "*పి = &ఎక్స్;" అని రాసింది. అప్పుడు అజాగ్రత్త అనుకుని మార్కు తగ్గించాను; ఇప్పుడు చూస్తే ఆమె కళ్లకు కనబడినట్టే రాసింది. స్టార్‌ను పేరుకు ఆనించమనే చెబుతాను గాని, మొదటి రెండు వారాలు "ఇంట్ *పి;" ఒక వరుసలో, "పి = &ఎక్స్;" మరొక వరుసలో రాయిస్తాను.