అభిషిక్తుణ్ని ముట్టకూడదంటే లెక్క అడగకూడదనా?

మట్టికుండ:
మా సంఘంలో ఇద్దరు పెద్దలు కానుకల లెక్క చూపించమని సేవకుణ్ని, అంటే పాస్టర్‌గారిని అడిగారు. ఆ మరుసటి ఆదివారం వాక్యం 105వ కీర్తన, 15వ వచనం: "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు." అభిషిక్తుడంటే దేవుడు తన పనికి నిలబెట్టినవాడు. ఆ ఇద్దరూ తల వంచుకుని కూర్చున్నారు. పక్క వరసలో ఉన్న నేను కూడా ప్రసంగం అయ్యేదాకా బైబిల్లోంచి తలెత్తలేదు. అడిగింది వాళ్లయినా టెన్షన్ నాకు. లెక్క అడగడం ముట్టడం కిందకి వస్తుందా?

గోధుమగింజ:
వస్తుందనే అంటాను, అందరి ముందూ అడిగితే మరీను. 3000 మందితో దావీదును వెంటాడుతున్న అభిషిక్త రాజు సౌలు ఏన్గెదీ గుహలో ఆ దావీదు చేతికే చిక్కాడు. దావీదు అతని వస్త్రపు చెంగు కోశాడు, అంతే. దానికే మనసు నొచ్చుకున్నాడు. మోషే మీద మాట్లాడిన అక్క మిర్యాము కుష్ఠు తగిలి 7 రోజులు పాళెం బయట ఉంది. ఇక మోషే మీద తిరగబడి నాశనమైన కోరహు గురించి చెప్పనక్కర్లేదు. నిలబెట్టిన దేవుడే తీసేస్తాడు. మన పని ప్రార్థన చేయడం.

పాతసంచి:
బ్రదర్, గుహ కథ సగంలో ఆపేశారు. దావీదు బయటికొచ్చి, సౌలును వెనక నుంచి కేకేసి పిలిచాడు. సాష్టాంగపడ్డాడు, "నా తండ్రీ" అన్నాడు, ఆ చెంగు ముక్క చూపించి మరీ నన్నెందుకు తరుముతున్నావని అడిగాడు. కత్తి ఎత్తలేదు, అలాగని నోరూ మూసుకోలేదు.

కీర్తన సంగతికొస్తే, "ముట్టకూడదు" అని దేవుడు హెచ్చరించింది రాజుల్ని. అక్కడ అభిషిక్తులంటే దేశదేశాలు తిరిగే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. ఆదికాండం 20 తీయండి. భార్య శారాను చెల్లెలని చెప్పినందుకు గెరారు రాజు అబీమెలెకు అబ్రాహామును పిలిచి గట్టిగా నిలదీశాడు. శారాను తన ఇంటికి తెప్పించుకున్నందుకు అబీమెలెకును హెచ్చరించిన దేవుడు, ఈ నిలదీతకు మాత్రం ఒక్క మాటా అనలేదు.

గోధుమగింజ:
అది నేనెప్పుడూ అలా చూడలేదు, ఒప్పుకుంటాను. అయినా పాపం చేసిన దావీదును "ఆ మనుష్యుడవు నీవే" అని నిలదీసిన నాతాను ప్రవక్త దేవుడు పంపితే వెళ్లాడు. మనల్ని ఎవరు పంపారు? ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా సంఘ పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవద్దని 1 తిమోతి 5:19 చెప్తోంది.

తీగె:
అన్నా, 20వ వచనం వదిలేశారేం? పాపం చేస్తూ ఉన్నవాళ్లను అందరి ఎదుటా గద్దించమని ఉంది. పైగా లెక్క అడగడం ఫిర్యాదే కాదు.

ఎవరు పంపారంటారా? సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురినీ ఎవరూ పంపలేదు. ప్రత్యక్షపు గుడారం దగ్గర, సమాజమంతా చూస్తుండగా, మా నాన్న వాటా మాకెందుకు రాదని మోషేనే అడిగారు. ఆయన కోప్పడలేదు, ఆ సంగతి దేవుని దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లు చెప్పింది సబబేనని జవాబొచ్చింది. కోరహు యాజకత్వం కావాలన్నాడు, వీళ్లు న్యాయం అడిగారు. రెండూ ఒకటెలా అవుతాయి?

పాతసంచి:
డబ్బు దగ్గర పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో 2 కొరింథీ 8 చదవండి. యెరూషలేముకు పంపే కానుక విషయంలో సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని తోడు పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలన్నాడు. సమూయేలు ప్రవక్తయితే ముసలితనంలో తనే జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా చెప్పండి అన్నాడు. నీ కొడుకులు నీ దారిలో నడవడం లేదని అంతకుముందే అదే జనంతో ముఖం మీద అనిపించుకున్నాడు పాపం.

మట్టికుండ:
ఒకటి చెప్పడం మరిచాను. ఆ ఇద్దరూ ఆయన గదికెళ్లి విడిగానే అడిగారు, రెండుసార్లు.

గోధుమగింజ:
విడిగా అడిగితే వేదిక మీద నుంచి జవాబా? అయితే సంగతి బయటికి తెచ్చింది వాళ్లు కాదు. అందరి ముందూ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోరహు గురించి మాత్రం నా మాట అదే.