లేఅవుట్ పార్కులో థెరపీ గార్డెన్, వారం వారం ఏం చేయించాలి? బెంగళూరు వాళ్ళు చెప్పండి

పెన్నాతీరం
మహదేవపుర వైపు మా లేఅవుట్ పార్కులో ఒక మూల థెరపీ గార్డెన్ కట్టారు, అంటే జబ్బుపడ్డవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు మొక్కల పని చేస్తూ తేరుకునే తోట. ర్యాంపు ఉంది, కూర్చునే పని చేసుకునేలా ఎత్తు మడులున్నాయి, మరువం, దవనం, వాము ఆకు నాటారు. మా నాన్నకు స్ట్రోక్ తర్వాత కుడిచేతి పట్టు తగ్గింది. అందుకని నాకు ఇవన్నీ తెలుసనుకుని అసోసియేషన్ వాళ్ళు కార్యక్రమాల బాధ్యత నా నెత్తిన పెట్టారు. నడిపినవాళ్ళు చెప్పండి. ఏవి నిలబడ్డాయి? ఏ టైము మంచిది? ఫీజు పెట్టాలా? ఆటిజం పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఒకే పూట కూర్చోబెట్టొచ్చా?

నల్లరేగడి
టాయిలెట్ ఉందా? అది చెప్పండి ముందు. మా అత్తగారికి పార్కిన్సన్స్. మా దగ్గర పార్కులో పాటలు, యోగా, విత్తనాలు నాటడం, అన్నీ ఘనంగా మొదలుపెట్టారు. టాయిలెట్‌కి మాత్రం తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ బంకు దగ్గర. ఆ టెన్షన్‌తో ఆవిడ ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు తాగడం మానేసేది. పార్కిన్సన్స్ మనిషి నీళ్ళు మానేస్తే మలబద్ధకం ఎంత నరకమో ఇంట్లో చూసినవాళ్ళకే తెలుసు.

చక్రాలకుర్చీ
టాయిలెట్ దాకా ఎక్కడ వెళ్తాం అక్కా, గేటు దాటితే కదా! బైకులు రాకుండా పార్కు గేట్లకి వంకర కమ్మీలు పెడతారు చూడండి, వాటిలో నా కుర్చీ పట్టదు. పక్కనున్న పెద్ద గేటు ఎప్పుడూ మూసే ఉంటుంది. మా వార్డులో ర్యాంపుకి రిబ్బన్ కట్ చేసి ఫొటోలు దిగిన రోజు నేను రోడ్డు మీద నుంచే చప్పట్లు కొట్టాను. పెన్నాతీరం గారూ, ఒక మనిషిని వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి బయట రోడ్డు నుంచి మీ మడి దాకా తోసుకుంటూ వెళ్ళి చూడండి. ఆ తర్వాత కార్యక్రమాలు.

కొలబద్ద
నా సర్వీసంతా కట్టడాల్లోనే గడిచింది కాబట్టి చెప్తున్నా. ర్యాంపు వాలు 1:12 దాటకూడదు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. వెడల్పు 1200 మిల్లీమీటర్లు. 2021 కేంద్ర మార్గదర్శకాలు తీసి చూసుకోండి. మడి కింద మోకాళ్ళు దూరేంత ఖాళీ ఉండాలి, 70 సెంటీమీటర్ల దాకా. ఒకవైపు నుంచే చెయ్యి అందేదైతే మడి వెడల్పు రెండడుగులు చాలు. మీ కాంట్రాక్టరు ఇటుక కట్ట కట్టి మట్టి నింపి వదిలేసుంటాడు, పందెం. ఫొటో పెట్టండి.

తెల్లకోటు
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పిస్తాను. స్ట్రోక్ వాళ్ళకి పెద్ద గింజలతో మొదలుపెట్టండి: చిక్కుడు, బీర. వేళ్ళకి అలవాటయ్యాక ధనియాలు, మెంతులు. బలహీనమైన చెయ్యి కుండీని ఆపి పట్టుకోవాలి, బాగున్న చెయ్యి మట్టి వేయాలి. రెంటికీ పని ఉండాలి, లేకపోతే బాగున్న చెయ్యే అంతా చేసేస్తుంది. తోటపార పిడికి ఫోమ్ చుట్టి లావు చేయండి. మెంతులు త్వరగా మొలుస్తాయి, పైవారం వచ్చేసరికి పచ్చగా కనిపిస్తే మనిషి మళ్ళీ వస్తాడు. ఒక్కో పూట ముప్పావుగంట మించొద్దు. పార్కిన్సన్స్ వాళ్ళని మాత్రం మాత్ర పనిచేసే వేళకే పిలవండి.

ఇంకొకటి. 1984లో రోజర్ ఉల్‌రిచ్ చేసిన అధ్యయనం పేరు చెప్పి, మొక్కలు చూస్తే రోగాలు పోతాయని పోస్టర్లు వేస్తారు. ఆయన చూసింది పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళని. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు ఇటుక గోడ కనిపించినవాళ్ళ కంటే ముందు ఇంటికి వెళ్ళారు, నొప్పి మందులూ తక్కువే వాడారు. అందులో స్ట్రోక్ ఊసే లేదు. అది చూపించి ఫిజియోథెరపీ మాన్పించకండి.

మిద్దెతోట
మెంతులు అన్నారు కాబట్టి అడుగుతున్నా. మడులకి నీళ్ళు ఎక్కడివి? ఎస్‌టీపీ నీళ్ళయితే, అంటే శుద్ధి చేసిన మురుగునీళ్ళయితే, ఆకుకూరలు వద్దే వద్దు.

పెన్నాతీరం
పక్క అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ నుంచి లైను ఇచ్చారు. 2024 మార్చిలో తాగునీళ్ళు మొక్కలకి పోస్తే 5,000 జరిమానా అన్నప్పటి నుంచి పార్కుకి అవే. ఫీజు సంగతి ఎవరైనా...

కోలారుచెరువు
ఎస్‌టీపీ అనగానే ఉలిక్కిపడటం బెంగళూరు వాళ్ళ ఫ్యాషన్. మా కోలారు చెరువులు 2018 నుంచి నిండుతున్నవి దేనితో? కేసీ వ్యాలీ నీళ్ళతో. మీ బెంగళూరు మురుగు శుద్ధి చేసి పంపిందే. ఎండిన బోర్లలో నీళ్ళు పడ్డాయి. మీరు తినే టమాట ఎక్కడిదనుకున్నారు?

మిద్దెతోట
అన్నా, చెరువులోకి వదిలి భూమిలో ఇంకనిచ్చి బోరుతో తోడుకోవడం వేరు. ఇక్కడ చక్కెర జబ్బు ఉండి చేతికి పుండ్లున్న పెద్దాయన నేరుగా ఆ తడిమట్టిలో చెయ్యి పెడతాడు. అదీగాక కేసీ వ్యాలీ నీళ్ళ మీద మీ ఊరివాళ్ళే కోర్టుకెక్కారు కదా, అది మర్చిపోయారా?

కోలారుచెరువు
కోర్టుకెక్కినవాళ్ళు పదిమంది, పంట పండించుకున్నవాళ్ళు వేలమంది. మట్టి ముట్టనివాళ్ళు మట్టి గురించి పాఠాలు చెప్తే ఎలా?

మిద్దెతోట
నా మిద్దె మీద కాకర, దొండ, బచ్చలి కాస్తున్నాయి. వచ్చి చూసి అప్పుడు మాట్లాడండి.

కొలబద్ద
ఇద్దరూ ఆగండి. ఎస్‌టీపీలు నేను కట్టించాను. ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ సరిగా తిరిగి, ఫిల్టరూ క్లోరినో యూవీనో పనిచేస్తుంటే పార్కుకి భేషుగ్గా సరిపోతాయి. కరెంటు పోయి బ్లోయర్ ఆగినా, ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రిపూట ఆపేసినా నీళ్ళు కంపు కొడతాయి. ముక్కే పెద్ద ల్యాబు.

తెల్లకోటు
ముక్కుకి సూక్ష్మజీవులు తెలియవండీ! నీళ్ళు టెస్టు చేయించి రిపోర్టు అడగండి. స్ప్రింక్లర్ వద్దు, తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డ్రిప్ పైపు మట్టి కింద వేయండి. గ్లౌజులు, తర్వాత సబ్బుతో చేతులు. కీమోలో ఉన్నవాళ్ళని ఆ మడి దగ్గరికే రానివ్వొద్దు. వాళ్ళకి వాననీటి డ్రమ్ముతో వేరే కుండీలు పెట్టండి.

కోలారుచెరువు
డ్రిప్ అంటే ఒప్పుకుంటా. మా పొలంలోనూ అదే.

వేపనీడ
పిల్లల సంగతి ఎవరూ పట్టించుకోలేదు, మామూలే. మా వాడికి ఆటిజం, తొమ్మిదేళ్ళు. పెద్దవాళ్ళతో కలిపి పెట్టొద్దు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టి భజన పాడతారు, వీడు చెవులు మూసుకుని గేటు వైపు పరిగెత్తుతాడు. గడ్డి కోసే మిషన్ ఆ రోజు ఆపమని ముందే చెప్పాలి. వాడికి నచ్చింది వాము ఆకు నలిపి వాసన చూడటం, నీళ్ళ డబ్బా నింపడం, ఒలకబోయడం, మళ్ళీ నింపడం. ఒక వాలంటీరు అమ్మాయి "నీళ్ళు వేస్టు చేయకు నాన్నా" అని డబ్బా లాక్కుంది, ఆ పూటకి అయిపోయింది. వాలంటీర్లకి మొక్కల కంటే ముందు ఇది నేర్పండి.

గుల్‌మొహర్
ఫీజు పెట్టకండి. పెడితే మా అసోసియేషన్‌లోలాగా లెక్కలు చూపించమని వాట్సాప్‌లో కొట్టుకుంటారు.

నల్లరేగడి
పెట్టాలి! ఫ్రీ అయితే వర్షం చినుకు పడగానే ఎవరూ రారు. నామమాత్రంగా ఏదో ఒకటి, లేనివాళ్ళకి మాఫీ.

జామచెట్టు
మా అమ్మకి డిమెన్షియా. పార్కులో దారి ఎక్కడా మూసుకుపోకుండా చుట్టూ తిరిగి మొదటికే వచ్చేలా ఉందా చూడండి, దారి ఆగిపోతే ఆమె కంగారుపడి ఏడుస్తుంది. గన్నేరు ఉంటే పీకేయండి. ఏ ఆకు దొరికినా నోట్లో పెట్టుకుంటుంది, అది గుండెకి విషం.

గుల్‌మొహర్
గన్నేరు పీకేస్తే మా వీధిలో పూజలు ఆగిపోతాయి. పొద్దున్నే సంచి పట్టుకుని వచ్చేవాళ్ళ సంగతి తెలియదా మీకు? మీ సువాసన వరుసలో మల్లె, నందివర్ధనం ఉంటే ఏడింటికల్లా కొమ్మలే మిగులుతాయి.

వేపనీడ
నిజం. చూపు లేని పిల్లలకి మొగ్గలు తడిమి చూపిద్దామని వెళ్తే ఒక్కటీ లేదు. దేవుడికి కదమ్మా అన్నారు ఒక పెద్దావిడ.

పెన్నాతీరం
మా దగ్గర ఆ పెద్దావిడ మా అసోసియేషన్ సెక్రటరీ గారి అమ్మగారే, ఆమెని నేనేం అనగలను. కొలబద్ద గారూ, కొలిచాను. మడి కింద ఖాళీ లేదు, ఇటుక కట్టే. గేటుకి వంకర కమ్మీలు కూడా ఉన్నాయి. వాటిని తీయించాలంటే ముందు ఎవరికి అర్జీ పెట్టాలి, వార్డు ఇంజనీరుకా, పార్కులు చూసే హార్టికల్చర్ వాళ్ళకా?

చక్రాలకుర్చీ
ఇద్దరికీ పెట్టండి, రసీదు తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం అని పైనే రాయండి. నాకు మెసేజ్ చేయండి, నా అర్జీ కాపీ పంపిస్తా. మా గేటు కమ్మీలు ఇంకా ఊడలేదు, అది వేరే సంగతి.

మిద్దెతోట
నీళ్ళ టెస్టు రిపోర్టు వస్తే ఇక్కడ పెట్టండి. కోలారన్న కూడా చూస్తాడు.